చెరకు కొట్టిన చేతుల కోట

ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన, కెయిర్న్స్ నుంచి దక్షిణంగా కారులో 120 కిలోమీటర్లు వస్తే మీనా క్రీక్ అనే చిన్న ఊరు వస్తుంది. దారంతా చెరకు తోటలే. కోత కాలంలో రోడ్డుకు అడ్డంగా చెరకు రైళ్లు పోతుంటాయి. వాటి పట్టాల మధ్య ఎడం 610 మిల్లీమీటర్లే. ఊరి జలపాతం పక్కనే, అడవిలో నాచు పట్టిన బురుజులు కనిపిస్తాయి. అదే పరోనెల్లా పార్క్.

ఆ కోట కట్టినాయన చెరకు కూలీగా బతుకు మొదలుపెట్టినవాడు. పేరు హోసే పరోనెల్లా. 1913లో స్పెయిన్‌లోని కాటలోనియా నుంచి వచ్చాడు. చెరకు కొట్టి డబ్బు కూడబెట్టాడు, భూములు కొని బాగుచేసి అమ్మాడు. సొంత దేశం వెళ్లి 1925లో మార్గరీటాను పెళ్లాడి వెంట తెచ్చుకున్నాడు. 1929లో జలపాతం చుట్టూ ఉన్న 13 ఎకరాలను 120 పౌండ్లకు కొన్నాడు.

ఇక్కడ తెలుగువాళ్లం తలుచుకోవాల్సిన సంగతి ఒకటుంది. హోసే వచ్చిన ఆ రోజుల్లోనే మనవాళ్లు గిర్మిట్ అనే కూలీ ఒప్పందాల మీద ఫిజీ చెరకు తోటలకు వెళ్తున్నారు. దక్షిణాది నుంచి ఆ వలస 1903లో మొదలై 1916 దాకా సాగింది. ఫిజీలో వాళ్లతో పని చేయించుకున్న సీఎస్ఆర్ చక్కెర కంపెనీకి మీనా క్రీక్ దగ్గరి ఇన్నిస్‌ఫెయిల్ పట్టణం పక్కన కూడా మిల్లుండేది. కానీ 1901 నాటి వలస చట్టం ఆసియావాసులకు ఆస్ట్రేలియా తలుపులు మూసేసింది. కొట్టేది అదే చెరకైనా, భూమి కొని కోట కట్టే అవకాశం మాత్రం హోసేకే దక్కింది.

కోటలో ముందు కట్టింది ఏమిటో తెలుసా? మెట్లు! 47 మెట్లు. కాంక్రీటుకు కావలసిన ఇసుక కింద వాగులో ఉంది, కట్టడాలేమో పైన లేవాలి. ఆ ఇసుకను మోసుకెళ్లడానికే ముందుగా మెట్ల దారి వేశారు. ఇవాళ అందరూ ఫొటోలు దిగేది ఆ మెట్ల మీదే. ఇనుము కోసం పాత రైలు పట్టాలు వాడారు. వాళ్లు ఉండే ఇల్లు ఒక్కటే రాతిది, మిగతాదంతా పోత కాంక్రీటు. దాని పైన మట్టీ సిమెంటూ కలిపి చేతులతోనే మెత్తారు. ఆ పూతలో వేళ్ల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ కోటలో నాకన్నిటికన్నా విలువైనవి అవే.

1933లోనే జలపాతం నీటితో కరెంటు పుట్టించారు. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో మొట్టమొదటి జలవిద్యుత్ కేంద్రాల్లో ఇదొకటి. 1935లో కోటను జనానికి తెరిచారు. శనివారాలు హాల్లో సినిమా వేసేవారు. కుర్చీలు తీసేస్తే అదే నాట్యశాల. పైకప్పు నుంచి 1,270 అద్దపు ముక్కల గోళం వేలాడుతూ తిరిగేది.

తోట కూడా వాళ్లు పెంచిందే. 7,000కు పైగా మొక్కలు నాటారు. అప్పుడు వరుసగా పెట్టిన కౌరి చెట్లు ఇప్పుడు తలెత్తి చూడాల్సినంత ఎత్తయ్యాయి. ప్రేమ సొరంగం అని పేరు పెట్టిన గుహదారిలో ప్రస్తుతం చిన్న గబ్బిలాలు కాపురముంటున్నాయి.

ఇన్నిస్‌ఫెయిల్ ప్రాంతంలో ఏటా దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కోస్తాంధ్రలో పడేదానికి అది మూడింతలు. కాబట్టి నీళ్లతో పేచీ తప్పలేదు. 1946లో ఎగువన కొట్టేసిన దుంగలు వరదకు కొట్టుకొచ్చి రైలు వంతెన దగ్గర పేరుకున్నాయి. ఆ బరువుకు వంతెన తెగి దుంగలన్నీ పార్కు మీద పడ్డాయి. పార్కు కింది భాగంలో ఉన్న ఫలహారశాల దాదాపు నేలమట్టమైంది, విద్యుత్ కేంద్రం బాగా దెబ్బతింది. ఆ కుటుంబం మళ్లీ కట్టుకుంది. హోసే 1948లో పోయాడు. పార్కు 1977లో చేతులు మారింది, 1979లో అగ్నిప్రమాదంలో కోట లోపలంతా కాలిపోయింది. ఆపైన 1986లో వినిఫ్రెడ్, 2006లో లారీ, 2011లో యాసీ తుఫాన్లు.

1993లో కొన్న కొత్త యజమానులు కోటను కొత్తగా మెరిపించాలనుకోలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబెట్టే పని పెట్టుకున్నారు. నాచుతో, పగుళ్లతో ఉన్న ఆ గోడల్ని చూస్తే వాళ్ల నిర్ణయమే సరైనదనిపిస్తుంది. విద్యుత్ కేంద్రాన్ని మాత్రం బాగుచేయించి 2009లో మళ్లీ తిప్పారు.

వెళ్లేవాళ్లు మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుఫాన్ల కాలం. ఇన్నిస్‌ఫెయిల్ దాటాక పెద్ద హైవే వదిలి పాత బ్రూస్ హైవే పట్టుకుంటే చెరకు తోటల మధ్యగా నేరుగా పార్కు గేటు దగ్గరికే చేరతారు.