కొహెయి సైతో: మార్క్సు టిప్పణములలోని ప్రకృతివిచారము

ఒక గ్రంథకర్త మతమును నిర్ణయించుటకు ఆతడు ప్రకటించిన గ్రంథములే ప్రమాణములా, తనకొరకు వ్రాసికొని దాచుకొన్న టిప్పణములును ప్రమాణములగునా యను ప్రశ్న పాఠపరిష్కర్తలకు క్రొత్తది కాదు. కార్ల్ మార్క్సు (1818-1883) విషయమున ఈ ప్రశ్నను తిరిగి లేవదీసినవాడు జపానుదేశీయుడగు కొహెయి సైతో. సామ్యవాదమును ప్రకృతిరక్షణవిచారముతో సమన్వయించుటకు ఆతడు చేసిన కృషి ప్రధానముగా నీ టిప్పణములమీదనే నిలిచియున్నది. బెర్లినులో పరిశోధించి వ్రాసిన గ్రంథమునకు ఆతనికి 2018లో డాయిచర్ స్మారక బహుమానము లభించెను.

మార్క్సు యంత్రపరిశ్రమను మెచ్చి, ప్రకృతిని మానవునికి దాసిగా నెంచెనని యిరువదవ శతాబ్దమున పలువురు నిందించిరి. ఆ నింద నిలువదని 1999లో పాల్ బర్కెటును, 2000లో జాన్ బెలమీ ఫాస్టరును గ్రంథములు వ్రాసి వాదించిరి. సైతో వారి మార్గముననే నడచినను వ్రాతప్రతులను పట్టుకొనెను. మార్క్సు తాను చదివిన పుస్తకములలోని భాగముల నెత్తివ్రాసికొను నలవాటు గలవాడు. మార్క్సు, ఏంగెల్సుల సమగ్రగ్రంథావళిలో నాలుగవ విభాగము ఇట్టి సంగ్రహములకే కేటాయింపబడినది. ప్రధానముగా 1864-1868 నాటి వ్రాతలు గల దాని 18వ సంపుటము 2019లో వెలువడెను; సంపాదకులలో సైతో యొకడు.

ఆ ప్రతులలో ముఖ్యమైనవి జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగు గ్రంథమునుండి 1865-66లో వ్రాసికొన్నవి. పైరు నేలనుండి ఖనిజద్రవ్యములను గ్రహించును. పండిన ధాన్యము ఊరిలోనే తినబడినచో ఆ ద్రవ్యము ఎరువై మరల నేలకు చేరును; పట్టణమునకు పోయినచో మురుగుకాలువలలో బడి నదులకును సముద్రమునకును పోవునే గాని పొలమునకు రాదు. ఇట్టి సేద్యమును లీబిగు 1862 నాటి కూర్పులో దోపిడిసేద్యమని గర్హించెను. ఇంగ్లండు తన పొలములకై పెరూ దీవులనుండి పక్షిరెట్టలను ఓడలకెత్తించెను. లైప్‌జిగు, వాటర్లూ, క్రిమియా యుద్ధభూములలోని యెముకలను సైతము త్రవ్వి తెచ్చుకొనెనని లీబిగు నిష్ఠురమాడెను. మార్క్సు 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటమున లీబిగును ప్రశంసించి, పెట్టుబడిదారీ సేద్యము కూలివానితోపాటు నేలనుగూడ కొల్లగొట్టునని వ్రాసెను. మానవునికిని భూమికిని నడుమ జరుగు ఈ యిచ్చిపుచ్చుకొనుటకు ఆతడు వాడిన జర్మనుపదమునకు ద్రవ్యవినిమయమని యర్థము. అన్నము రసరక్తాది ధాతువులుగా పరిణమించు విధమును ఆయుర్వేదమున చదివినవారికి ఈ భావము దుర్గ్రహము కాదు.

ఇక పాఠభేదము. మూడవ సంపుటము మార్క్సు గతించిన పిదప 1894లో ఏంగెల్సు పరిష్కరణమున అచ్చుపడెను. సాంఘిక ద్రవ్యవినిమయమునకును ప్రాకృతిక ద్రవ్యవినిమయమునకును నడుమ మాన్పరాని చీలిక యేర్పడునని వ్రాతప్రతిలో నుండగా, అచ్చులో రెండవది లోపించినదని సైతో చూపెను. ఇంతమాత్రమున ఏంగెల్సునకు ప్రకృతివిచారము లేదనుట సాహసము. మెసపొటేమియా, గ్రీసు దేశములవారు అడవులు నరికి తమ భూములను పాడుచేసికొనిరని వ్రాసినవాడు ఏంగెల్సే.

అడవులు నశించుటచే వేడిమి హెచ్చి తేమ తగ్గునని కార్ల్ ఫ్రాసు 1847లోనే విస్తరించి వ్రాసియుండెను. మార్క్సు దానిని చదివి, 1868 మార్చి 25న ఏంగెల్సునకు వ్రాసిన యుత్తరమున, ఫ్రాసునందు ఆతనికే తెలియని సామ్యవాదధోరణి యున్నదనెను.

ఇంతవరకు సైతో వాదము దృఢము. 2020లో జపానుభాషలో ప్రకటించి, అయిదులక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయిన గ్రంథమున ఆతడింకను ముందునకు పోయెను. 1881లో రష్యావనిత వేరా జాసూలిచ్‌నకు మార్క్సు వ్రాసిన యుత్తరమును, దాని చిత్తుప్రతులను ముఖ్యాధారములుగా గైకొని, మార్క్సు తుదకు ఉత్పత్తివృద్ధినే కాదని, వృద్ధిరహిత సామ్యవాదమును చేరుకొనెనని సిద్ధాంతీకరించెను. ఇది మూలమును మించిన వ్యాఖ్య. ఎత్తివ్రాసికొన్నదెల్ల అంగీకరించినట్లు కాదు. పైగా ఆ చిత్తుప్రతులలోనే, పెట్టుబడిదారీవిధానము సాధించిన సత్ఫలములను రష్యా గ్రామసమష్టి స్వీకరింపవచ్చునని మార్క్సు చెప్పియున్నాడు. మార్క్సువాదులలోనే పలువురు సైతో యీ సిద్ధాంతమును ఖండించిరి.

భూమి కౌలును గూర్చిన భాగమును రష్యా భూవివరపత్రముల సాయమున తిరిగి వ్రాయదలచి, ఆ పని సాగకయే మార్క్సు గతించెనని ఏంగెల్సు 1894 నాటి పీఠికలో తెలిపెను.