కొండకు ముందు వారం రోజులు

హిమాలయాలకు పోయి వచ్చినప్పటి నుంచి మన హాస్టల్ తమ్ముళ్ళు, ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలు మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ట్రెక్కింగుకు పోయినోళ్ళు తిన్నగా కొండెక్కక, సంచులు భుజానేసుకుని వారం రోజులు డార్జిలింగు, సిక్కిం ఎందుకు తిరిగినారు? డబ్బు దండగ కాదా?" అని. దానికి జవాబే ఈ వ్యాసం.

జవాబు మనలాంటి పిల్లలే ముందుగా చూపించారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. మొదట భువనగిరి బండ, తర్వాత డార్జిలింగులోని పర్వతారోహణ సంస్థ, ఆ తర్వాత లడఖ్ చలి. ఎవరెస్టు అన్నిటికన్నా చివర.

దీనికి కారణం గాలి. పైకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని డిగ్రీ దాకా మేమూ అనుకున్నాము. శాతం మారదు, ఎక్కడైనా సుమారు 21. తగ్గేది పీడనం. 5,500 మీటర్ల ఎత్తున అది సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు సగం. మెస్సులో గరిటె సగమైతే రెండుసార్లు వడ్డించుకోవాల్సిందే కదా! శరీరం కూడా ఊపిరి, గుండె వేగం పెంచుతుంది. రోజులు గడిచేకొద్దీ ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుంది. కబడ్డీ ఆడే కండలున్నంత మాత్రాన ఈ పని తొందరగా జరగదు. పోకముందు నెల రోజులు ఆదోని కోట కొండను సంచిలో ఇటుకలు వేసుకుని ఎక్కాము. కాళ్ళు గట్టిపడ్డాయి గానీ, ఊపిరికి ఆ కొండ ఏమీ నేర్పలేదు.

గూడూరు నుంచి కర్నూలు, సికింద్రాబాద్, హౌరా మీదుగా న్యూ జల్పాయిగురి చేరాము. జొన్నరొట్టెలు, శెనగవిత్తనాల పొడి హౌరా దాకా వచ్చాయి. 2,000 మీటర్లు దాటిన డార్జిలింగులో మూడు రోజులున్నాము. 1953లో ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్ నార్గే శిక్షణ ఇచ్చిన సంస్థ అక్కడే ఉంది, 1954లో పెట్టారు. ఆయన విగ్రహం దగ్గర అందరిలాగే ఫోటో దిగాము. తర్వాత షేర్ జీపుల్లో జోర్తాంగ్ మీదుగా యుక్సం పోయాము. జోంగ్రీ నడక మొదలయ్యేది అక్కడే.

3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, పగలు పైకెక్కినా రాత్రికి దిగి పడుకోవాలని నియమం. యుక్సం తర్వాత చోకా దాదాపు 3,000, జోంగ్రీ దాదాపు 4,000 మీటర్లు. మధ్యలో వెయ్యి మీటర్లు! అందుకే చోకాలో రెండు రాత్రులున్నాము. అయినా అది చాలలేదు.

జోంగ్రీలో ఆ రాత్రి మా మిత్రుడొకడు అన్నం ముట్టలేదు. "ఏం లేదన్నా, చలి" అన్నాడు. తలనొప్పి మొదలై ఆరు గంటలైందని దాచిపెట్టాడు. హాస్టల్లో జ్వరమొస్తే ఊరికి పంపుతారని వార్డెన్ సారుకు చెప్పకుండా దుప్పటి కప్పుకునే అలవాటు మనకందరికీ ఉంది. వాడు అదే చేశాడు. పైగా వాళ్ళమ్మ అప్పు చేసి పంపింది, మధ్యలో దిగితే ఏం ముఖం పెట్టుకుని చెప్పాలి?

తెల్లవారి వాంతి చేసుకున్నాడు. గైడు నేల మీద గీత గీసి నడవమన్నాడు. వాడు తూలాడు. తలనొప్పి, వాంతి, నిద్రలేమి వరకైతే అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోవచ్చు, తగ్గకపోతే దిగాలి. తూలితే మాత్రం మెదడు వాస్తోందని అనుమానించి ఆ క్షణమే దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని గుర్తు. దానికీ మందు దిగడమే, ఆక్సిజన్, మాత్రలు దాని తర్వాతే.

చెరోవైపు పట్టుకుని చోకాకు దించాము. సాయంత్రానికి వాడు అన్నం అడిగి మరీ తిన్నాడు. మేమెవరం మళ్ళీ పైకి పోలేదు. కాంచన్‌జంగాను దగ్గరగా చూద్దామని పోయి, చోకా నుంచే తిరిగి వచ్చాము. వాడు ఈ సంవత్సరం మళ్ళీ పోతానంటున్నాడు, ఈసారి చోకాలో మూడు రాత్రులట.