విరిగిన కాలు అతికిన తరువాత – కుక్కపిల్లకు మరల బలం వచ్చుట ఎట్లు?

నెల్లూరు నుండి ముంబయి వైపు పోయే రహదారి బుచ్చిరెడ్డిపాలెం మీదుగానే సాగుతుంది. వరికోతల కాలంలో ధాన్యపు లారీలు, ట్రాక్టర్ల రద్దీ చెప్పనలవి కాదు. గేటు తీసి ఉన్న క్షణంలో వీధిలోకి ఉరికిన కుక్కపిల్ల కాలు విరగడం ఈ ప్రాంతపు ఇళ్లలో వింత ఏమీ కాదు. కట్టు వేయించేవరకు ఇంటిల్లిపాదీ ఆదుర్దా పడతారు. కట్టు విప్పిన నాడు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. కాని ఇంటివారు చేయవలసిన వైద్యం నిజానికి ఆనాడే మొదలవుతుంది. వారాల తరబడి కదలిక లేక తొడ కండరం కరిగిపోయి ఉంటుంది, కీళ్లు బిగుసుకొని ఉంటాయి. ఎముక అతికినా పిల్ల మూడు కాళ్లపై గెంతడానికే అలవాటు పడి ఉంటుంది.

ఎముక అతుకుటకు పట్టే కాలం వయస్సును బట్టి మారుతుందని సుశ్రుతుడు చికిత్సాస్థానంలో చెప్పాడు. బాల్యంలో ఒక నెల, నడి వయస్సులో రెండు నెలలు, వార్ధక్యంలో మూడు నెలలని ఆయన లెక్క. అది మనుష్యులను గూర్చి చెప్పినదే అయినా కుక్కల విషయంలోనూ ఇంచుమించు అదే తీరు కనిపిస్తుంది. కొన్ని నెలల పిల్లకు సాధారణంగా మూడు నుండి ఆరు వారాలు, పెద్ద కుక్కకు ఎనిమిది నుండి పన్నెండు వారాలు పడుతుంది. అయితే లెక్క ప్రకారం రోజులు నిండాయి కదా అని కట్టు మనమే విప్పరాదు. ఎక్స్‌రేలో అతుకు చూసిన పిమ్మట పశువైద్యుడే విప్పవలెను.

మన ప్రాంతంలో ఎముక విరిగిందంటే చాలామందికి వెంటనే పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది. మనుష్యుల విషయంలో ఆ కట్టుకు ఉన్న పేరు తెలిసినదే. కుక్కపిల్లకు అటువంటి పసరు కట్టును ఇంట్లో ప్రయత్నించడం మాత్రం క్షేమం కాదు. అది పసరును నాకుతుంది, బద్దలను కొరుకుతుంది, కాలు తిమ్మిరెక్కినదని చెప్పలేదు. కట్టు వదులైతే అతుకు నిలవదనీ, మరీ బిగిస్తే వాపు, నొప్పి, చీము కలుగుతాయనీ సుశ్రుతుడే హెచ్చరించాడు. బిగుతు కట్టు వలన రక్తప్రసారం ఆగి పాదం కుళ్లిపోయే ప్రమాదం ఉన్నది. బుచ్చి నుండి నెల్లూరు 15 కిలోమీటర్ల దూరమే. క్లిష్టమైన విరుగుళ్లకు తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్నది.

మెల్లని నడకే మందు

కట్టు విప్పిన తొలి వారం పిల్లను గొలుసు లేక పట్టీతోనే బయటకు తీసుకొని వెళ్లవలెను. రోజుకు మూడు నాలుగు సార్లు, సారికి అయిదు నిమిషాలు చాలు. ఇక్కడ ఒక కిటుకు ఉన్నది. కుక్క పరుగెత్తితే కుంటి కాలును ఎత్తి పట్టుకొని మూడు కాళ్లతోనే పోగలదు. అడుగులో అడుగు వేయిస్తూ నింపాదిగా నడిపిస్తేనే నాలుగవ కాలు నేలను తాకుతుంది. పాపం, చాలా రోజులు కట్టివేశామని జాలిపడి పెరట్లో స్వేచ్ఛగా వదిలేవారు దానికి మేలు చేయడం లేదు.

పశువైద్యుడు సరే అన్న కొలదీ రెండవ, మూడవ వారాలలో నడకను పది, పదిహేను నిమిషాలకు పెంచవచ్చును. ఆ పిమ్మట చిన్న తినుబండారపు ముక్క చూపి కూర్చోబెట్టి, లేపి, మరల కూర్చోబెట్టాలి. మనచేత బడిలో గుంజీళ్లు తీయించినట్లే! వెనుక కాలు తొడ కండరం పెరగడానికి ఇది మంచి సాధన. పెన్న ఇసుకలో నడక మరింత శ్రమతో కూడినది కనుక నెల గడిచిన తరువాతనే ఆరంభించాలి. కనిగిరి రిజర్వాయరు కాలువలలో, పారే నీటిలో పిల్లను దింపరాదు. ఇంట్లో నున్నని గచ్చు, టైల్స్ మీద కాలు జారకుండా గోనెపట్టాలు పరచండి. మెట్లు, మంచంపై నుండి దూకుళ్లు కొంతకాలం కూడదు.

నడకకు ముందు గోరువెచ్చని గుడ్డతో పది నిమిషాలు కాపడం పెట్టి, కాలిని పది సార్లు మెల్లగా ముడిచి చాపవలెను. వేడిని ముందుగా మీ మణికట్టుపై చూసుకోండి. పిల్ల మూలిగినా, కాలు లాక్కున్నా వెంటనే ఆపివేయాలి. మర్దనకు కొద్దిపాటి నువ్వుల నూనె చాలు. కర్పూరం కలిసిన తైలాలు, నొప్పి బామ్‌లు పూయరాదు. పూసినదంతా అది నాకుతుంది.

గిన్నెలో ఏమి ఉండాలి?

పాలన్నం లేదా ఎముక తీసిన మాంసంతోనే పెరిగిన పిల్లకు చిన్న దెబ్బకే ఎముక విరగవచ్చును. మాంసంలో భాస్వరం మెండు, సున్నం బహు స్వల్పం. ఆ కొరత తీరనంత కాలం శరీరం తన ఎముకలలోని సున్నాన్నే కరిగించుకుంటుంది. గ్రుడ్డు పెంకులను మరిగించి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి, అరకిలో వండిన ఆహారానికి అర చెంచా వంతున కలపవచ్చును. అర చెంచాలో సుమారు ఒక గ్రాము సున్నం లభిస్తుంది. అయితే పిల్లల కొరకు తయారైన ప్యాకెట్ ఆహారం పెడుతున్నవారు దీనిని కలుపరాదు. సున్నం మితిమీరినా, ముఖ్యంగా పెద్ద జాతి పిల్లలలో, ఎముకలు వంకరపోతాయి.

లేత ఎండలో పడుకోబెడితే విటమిన్ డి వస్తుందని చాలామంది నమ్మకం. మనుష్యులకు అది నిజమే. కుక్క చర్మానికి ఆ శక్తి బహు తక్కువ కనుక ఆహారం ద్వారానే అందాలి. ఉడికించిన గ్రుడ్డులోని పచ్చసొన, ముల్లు పూర్తిగా తీసిన చేప ఇందుకు శ్రేష్ఠం. అయితే నెల్లూరు చేపల పులుసులో మిగిలిన ముక్క పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను నాశనం చేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వండిన కోడి ఎముకలు చీలి పేగులలో గుచ్చుకుంటాయి. మాంసం వండని ఇళ్లలో గ్రుడ్డు, పెరుగు, మెత్తగా ఉడికించిన పెసరపప్పు వాడవచ్చును.

నల్లేరును గూర్చి పాఠకులు తప్పక అడుగుతారు. సంస్కృతంలో దాని పేరే అస్థిసంహారకం. విరిగిన ముంగాలి ఎముకలున్న కుక్కలలో నల్లేరు సారం వాడగా అతుకు త్వరపడినదని 1994లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫార్మకాలజీలో ఒక పరిశోధన వెలువడినది. అది శుద్ధి చేసి తీసిన సారం, పచ్చి కాడ కాదు. పచ్చి నల్లేరు నోటిని, గొంతును దురదపెడుతుందని పచ్చడి నూరే గృహిణులకు తెలుసు. పశువైద్యుని సలహా లేనిదే పిల్లకు పెట్టకండి. నొప్పికని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ బిళ్లలు ఎంతమాత్రం ఇవ్వరాదు. అవి ప్రాణానికే ముప్పు.

వారానికొకసారి దర్జీ టేపుతో రెండు తొడల చుట్టుకొలతను ఒకే ఎత్తులో కొలిచి వ్రాసుకోండి. తేడా తగ్గుతూ ఉంటే సాధన ఫలిస్తున్నట్లే. వారం గడిచినా పాదం నేలకు ఆనించకపోయినా, కాలు వేడెక్కి వాచినా, పాదం చల్లబడినా, దుర్వాసన వచ్చినా ఆలస్యం చేయరాదు. కీలు సమీపంలో విరిగిన పిల్లలలో ఎముక ఎదిగే భాగం దెబ్బతిని కాలు పొట్టిగానో వంకరగానో ఎదగవచ్చును. అటువంటి పిల్లకు ఏడాది నిండేవరకు నెలకొకసారి కాలు చూపించడం అవసరం.