సార్టెక్స్ కంటికి మసక పడితే

బియ్యం బస్తా మీద ‘సార్టెక్స్’ అని రాసి ఉంటే అదొక బియ్యం రకం అనుకునేవాళ్లు చాలామంది. అది గింజల రంగు చూసి చెడ్డవాటిని ఏరే యంత్రం పేరు. లండన్‌లో పుట్టి, ఇప్పుడు స్విట్జర్లాండ్‌కు చెందిన బ్యూలర్ చేతిలో ఉన్న బ్రాండు. ఫొటోకాపీ మిషన్లన్నిటికీ జిరాక్స్ అన్న పేరు అతుక్కుపోయినట్టే, ఏ కంపెనీ కలర్ సార్టర్ తెచ్చి పెట్టినా మన మిల్లుల్లో దాన్ని సార్టెక్స్ అనే అంటారు. నేనూ అలాగే అంటాను.

ఆ మిషన్ పొట్టలో ఉండేది డిజిటల్ కెమెరా. దాన్ని సరిగా అమర్చడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి కాపాడుకోవడం గురించే ఈ వ్యాసం. మిల్లుల వెంట తిరుగుతూ ఇదే పని చేస్తున్నాను కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. ‘కెమెరా పోయింది, వచ్చి మార్చండి’ అని ఫోన్ వస్తే, వెళ్లి చూసినప్పుడు కెమెరా నిజంగా పోయి ఉండటం చాలా అరుదు. దాని ముందున్న అద్దమో, పక్కనున్న లైటో, దానికి మనం చూపించిన తెల్లరంగు నమూనానో చెడి ఉంటుంది.

ఇంతకీ ఈ కెమెరా ఏం చేస్తుంది? ఫోన్ కెమెరా నొక్కితే నిండు బొమ్మ వస్తుంది. సార్టెక్స్ కెమెరాకు బొమ్మ అక్కర్లేదు, ఒక్క గీత చాలు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కలిసి సీసీడీ అనే చిప్పుకు రూపమిచ్చారు. 2009లో వాళ్లకు నోబెల్ వచ్చింది కూడా దానికే. వెలుతురు పడితే ఆ చిప్పు మీద ఒక్కో గడిలో విద్యుత్తు పోగవుతుంది, ఎంత పోగైందో లెక్కపెడితే అక్కడ ఎంత వెలుగు పడిందో తెలుస్తుంది. సార్టెక్స్‌లో ఆ గడులు ఒకే వరుసలో, పూసలదండలా ఉంటాయి. బియ్యం ఏటవాలు చ్యూట్ మీంచి జారి, అంచు దాటి గాలిలో పడుతుండగా కెమెరా ఆ ఒక్క వరుసనే మళ్లీ మళ్లీ చదువుతూ ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. చ్యూట్ వెడల్పు 30 సెంటీమీటర్లు, కెమెరా వరుసలో 2,048 గడులు అనుకోండి. ఒక్కో గడి వాటాకు మిల్లీమీటరులో దాదాపు ఏడో వంతు వస్తుంది. బీపీటీ 5204 రకం (సాంబ మసూరి) గింజ వెడల్పు రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ కాబట్టి దానికి అడ్డంగా పదమూడు గడులు పడతాయి. గింజ సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతోందనుకుంటే, కెమెరా సెకనుకు పదివేల సార్లు చదివినా ఒక చదువుకూ ఇంకో చదువుకూ మధ్య గింజ 0.3 మిల్లీమీటరు కిందికి దిగిపోతుంది. కెమెరా చూసే గీతకు 3 సెంటీమీటర్ల కింద గాలి ఊదే ఎజెక్టర్ ఉంటే, గింజ పసుపా తెలుపా తేల్చుకుని గాలి ఊది దాన్ని పక్కకు నెట్టడానికి మిషన్‌కు దొరికేది సెకనులో వందో వంతు. ఈ లెక్క తెలిస్తే, కింద చెప్పే చాదస్తమంతా ఎందుకో అర్థమవుతుంది.

మిషన్ దించగానే చూడాల్సింది నేల. ఎలివేటర్ పక్కన, వణికే ఇనుప ప్లాట్‌ఫాం మీద సార్టెక్స్ పెట్టిన మిల్లులున్నాయి. అక్కడ ఫోకస్ ఎన్నాళ్లో నిలవదు. చ్యూట్ మట్టం తప్పితే బియ్యం ఒక పక్కకే గుంపుగా జారి, ఒక గింజ వెనక ఇంకోటి దాక్కుంటుంది. అందుకని స్పిరిట్ లెవెల్ పెట్టకుండా నేను కెమెరా డోరు తెరవను.

తర్వాత ఫోకస్. ఇక్కడే కొత్త కుర్రాళ్లు తికమకపడతారు, ఎందుకంటే సర్వీస్ స్క్రీన్ మీద బియ్యం బొమ్మ కనిపించదు, ఎగుడుదిగుడుల గీత ఒకటి కనిపిస్తుంది. గింజలు పడే చోట సరిగ్గా అదే దూరంలో, నల్లటి గీతలున్న చిన్న స్కేలు ముక్క నిలబెడతాను. ఫోకస్ కుదరకపోతే ఆ గీతలు స్క్రీన్ మీద మెత్తటి గుట్టల్లా, ఏటవాలుగా కనిపిస్తాయి. రింగు కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే గుట్టలు నిటారుగా లేచి గోడలవుతాయి. గోడ అంచు ఎంత నిలువుగా ఉంటే ఫోకస్ అంత కుదిరినట్టు. ఈ పని లెన్స్ ద్వారాన్ని పూర్తిగా తెరిచి చెయ్యాలి, అప్పుడే చిన్న తేడా కూడా బయటపడుతుంది. కుదిరాక ద్వారాన్ని కాస్త మూస్తే గింజ ఒక మిల్లీమీటరు ముందూ వెనకా పడినా మసకబారదు. ఆఖర్న లాక్ స్క్రూ బిగించి, మళ్లీ ఒకసారి గోడలు చూడాలి. బిగించేటప్పుడు రింగు వెంట్రుకవాసి జరుగుతుంది, చాలామంది అది చూసుకోరు.

ఇక లైటు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరే మా నాయనమ్మ ఎప్పుడూ వంటింట్లో కూర్చునేది కాదు. గడప దగ్గరికొచ్చి, వెలుతురు పక్క నుంచి పడేలా ఒత్తిగిల్లి కూర్చునేది. రాయికీ గింజకూ తేడా వెలుతురే చూపిస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సార్టెక్స్ కూడా అంతే. పాత మిషన్లలో ట్యూబులైట్లుండేవి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు చోకు ట్యూబు సెకనుకు వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది. మన కంటికి అది తెలియదు. సెకనుకు పదివేల సార్లు చదివే కెమెరాకు మాత్రం పొద్దు పొడిచి పొద్దు గుంకినట్టే ఉంటుంది. అందుకే ఆ మిషన్లకు ప్రత్యేకమైన చోకులు వాడేవాళ్లు. ఇప్పుడు నిలకడైన డీసీ మీద నడిచే ఎల్‌ఈడీలొచ్చి ఆ బాధ పోయింది. కానీ ఎల్‌ఈడీ కూడా వయసుతోపాటు మసకబారుతుంది, అదీ పట్టీ అంతా ఒకేలా తగ్గదు. ఒక ముక్క పోతే ఆ ముక్కనే కాదు, పట్టీ మొత్తం మార్చమని నేను పట్టుబడతాను.

గింజల వెనక ఉండే బ్యాక్‌గ్రౌండ్ గురించి మిల్లుల్లో ఎక్కువమందికి తెలియదు, నాకైతే ఈ యంత్రంలో అన్నిటికన్నా అందమైన ఉపాయం అదే. ఆ వెనక పలక వెలుగును మంచి బియ్యం వెలుగుతో సమానంగా కుదురుస్తాం. అప్పుడు మంచి గింజ వచ్చినా, గింజల మధ్య ఖాళీ వచ్చినా కెమెరాకు ఒకేలా ఉంటుంది. మంచి బియ్యం దాని చూపులోంచి మాయమైపోతుంది. నల్లగింజ, పసుపు గింజ, రాయి, వడ్లగింజ మాత్రమే తేలి కనిపిస్తాయి. పచ్చి బియ్యం నుంచి ఉప్పుడు బియ్యానికి మారినప్పుడు బ్యాక్‌గ్రౌండ్ మార్చకపోతే, లేత పసుపు రంగున్న మంచి గింజే మిషన్‌కు దొంగలా కనిపిస్తుంది. రిజెక్షన్ బస్తాలు నిండిపోతుంటే సెన్సిటివిటీ తగ్గించడం కన్నా ముందు ఇది చూడాలి.

క్యాలిబ్రేషన్ అంటే కెమెరాకు రెండు సంగతులు నేర్పడం. ఒకటి నలుపు: వెలుతురు అసలే లేనప్పుడు ఒక్కో గడి ఎంత చూపిస్తుందో. రెండోది తెలుపు: ఒకే తీరుగా తెల్లగా ఉన్న ప్లేటు పెట్టినప్పుడు ఒక్కో గడి ఎంత చూపిస్తుందో. ఏ గడి తక్కువ చూపిస్తే దాన్ని మిషన్ ఆ మేరకు పెంచుకుంటుంది. వేడితో దీనికి పేచీ ఉంది. చిప్పు వేడెక్కే కొద్దీ చీకట్లో కూడా గడుల్లో విద్యుత్తు ఊరుతుంది, సుమారు 6 నుంచి 8 డిగ్రీలకోసారి అది రెట్టింపవుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మిషన్ పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఇంకో రకంగా చూడటానికి కారణాల్లో ఇదొకటి. స్విచ్ వేసిన అరగంట తర్వాత, లోపలి వేడి ఒక స్థాయికి వచ్చాక క్యాలిబ్రేషన్ చెయ్యాలి. క్యాబిన్ ఫ్యాను జాలీ తవుడుతో మూసుకుపోకుండా చూడాలి.

తెలుపు విషయంలో జరిగింది ఒకటి చెప్తాను. మిర్యాలగూడ వైపు ఒక మిల్లులో మంచి బియ్యంలోకి పసుపు గింజలు దిగుతున్నాయని రెండు రోజులు తల పట్టుకున్నారు. సెన్సిటివిటీ పెంచుకుంటూ పోతే మంచి బియ్యం రిజెక్షన్‌లోకి పోతోంది కానీ పసుపు ఆగడం లేదు. కొత్త కెమెరా బోర్డుకు ఆర్డరు కూడా పెట్టబోతున్నారు. నేను వెళ్లి చ్యూట్ కింద వెడల్పు పొడుగునా చిన్న చిన్న డబ్బాలు పెట్టి విడివిడిగా పట్టాను. పసుపు గింజలన్నీ ఎడమ నుంచి మూడో డబ్బాలోనే ఉన్నాయి. కెమెరా చెడితే ఇలా ఒక్క చోట రాదే అనుకుని తెల్లప్లేటు తీసి ఎండలో పెట్టి చూస్తే, బొటనవేలంత జిడ్డు మరక. ఎవరో గ్రీజు చేత్తో పట్టుకున్నారు, ఆ ప్లేటుతోనే క్యాలిబ్రేషన్ చేశారు. అక్కడ తక్కువ వెలుగు కనిపించేసరికి మిషన్ ఆ గడులు బలహీనంగా ఉన్నాయనుకుని వాటిని పెంచేసింది. ఇక అక్కడి నుంచి పడే పసుపు గింజ కూడా దానికి తెల్లగానే కనిపిస్తోంది. ప్లేటు తుడిచి మళ్లీ చెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. కొత్త మిషన్లు క్యాలిబ్రేషన్ వాటంతటవే చేసుకుంటాయి, నిజమే. ప్లేటు శుభ్రంగా ఉందో లేదో మాత్రం వాటికి తెలియదు.

రోజువారీ సంరక్షణలో సగానికి పైగా అద్దమే. తవుడులో నూటికి 15 నుంచి 20 వంతులు నూనె ఉంటుంది, రైస్ బ్రాన్ ఆయిల్ తీసేది దాన్నుంచే కదా. ఆ తవుడు ధూళి కెమెరా ముందున్న అద్దం మీద పడి, వేడికి అంటుకుని, పల్చటి జిడ్డు పొరవుతుంది. ఎదురుగా చూస్తే అద్దం శుభ్రంగానే అనిపిస్తుంది. టార్చి పక్క నుంచి వేస్తే మంచు పట్టినట్టు కనిపిస్తుంది. లోపలి వైపరు పైపొరను తుడుస్తుంది, జిడ్డును మాత్రం పులుముతుంది. దాని రబ్బరు అరిగితే గీతలే పెడుతుంది.

అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దొద్దని ప్రతి మిల్లులోనూ బతిమాలి చెప్తాను. ఊకలో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేదే. దాని పొడి మీద గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు చేత్తో నొక్కే రబ్బరు బ్లోయరుతో దులపాలి. తర్వాత నూగు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి, ఒకే వైపుకు ఒక్క లాగు లాగాలి, వెనక్కి తేకూడదు. గుడ్డ మడత మార్చి ఇంకో లాగు. మందు అద్దం మీద పొయ్యకూడదు, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. భుజం మీది తువ్వాలు, నోటి ఆవిరి, అసలు వద్దు.

కంప్రెసర్ గాలి గొట్టంతో అద్దం మీద ఊదడం ఇంకో అలవాటు. ఆ గాలిలో నీళ్లూ నూనె తుంపరలూ ఉంటాయి. వానాకాలంలో ట్యాంకు కింది వాల్వు తిప్పితే చెంబుడు నీళ్లు దిగడం నేను చూశాను. అవే నీళ్లు ఎజెక్టర్లలోకి పోయి వాటిని ఇరుక్కునేలా చేస్తాయి. కెమెరా సరిగ్గా చూసి చెప్పినా ఊదే చెయ్యి పడిపోయినట్టవుతుంది, నింద మళ్లీ కెమెరా మీదికే వస్తుంది. ట్యాంకు నీళ్లు రోజూ వదలాలి, డ్రయ్యరూ ఫిల్టరూ చూసుకోవాలి.

చెవితో పట్టుకునే లోపం ఒకటుంది. ఫీడు ఆపి చ్యూట్ ఖాళీ చేశాక ఎజెక్టర్లు నిశ్శబ్దంగా ఉండాలి. అప్పుడు కూడా టిక్కుటిక్కుమంటుంటే కెమెరా లేనిది చూస్తోందన్నమాట. ఒకే చోట ఆగకుండా కొడుతుంటే అద్దం మీదో బ్యాక్‌గ్రౌండ్ మీదో మచ్చ ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి చెదురుమదురుగా కొడుతుంటే కరెంటు గోల. కెమెరా కేబులును మోటారు కేబుళ్లతో కలిపి ఒకే ట్రేలో లాగారేమో, ఎర్త్ గుంత ఎండిపోయిందేమో చూడాలి. ఎలుకలు కొరికిన కేబుల్ కూడా ఇలాగే చేస్తుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో స్ట్రిప్పులో మాత్ర ఉందో లేదో చూసే కెమెరాలకూ ఇవే సూత్రాలు. అక్కడ నిండు బొమ్మ కావాలి కాబట్టి బొమ్మంతా ఒకే క్షణంలో పట్టే షట్టరు వాడతారు. తవుడు బదులు మాత్రల పొడి. అంతే తేడా.

మళ్లీ మిల్లుకొస్తే, నాకున్న బాధ ఒక్కటే. లక్షలు పోసి కొన్న సార్టెక్స్ దగ్గర రాత్రంతా నిలబడేది బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుర్రాడు. అతనికి స్టార్ట్, స్టాప్ బటన్లు తప్ప ఏమీ చెప్పరు. ఇంగ్లిష్ మాన్యువల్ ఓనరు బీరువాలో ఉంటుంది. ఒక్క పూట కేటాయించి, అతని భాషలో, అతని చేతే అద్దం తుడిపించి చూపిస్తే ఎంత బాగా పట్టుకుంటాడో నేను చూశాను. మిషన్ బాగా పనిచేస్తున్న రోజునే సెట్టింగులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, స్క్రీన్ ఫొటోలు కొట్టి, వెయ్యి పది రకం బియ్యానికి ఏ మోడ్, సాంబ మసూరికి ఏ మోడ్ అని నోటుబుక్కులో రాసి మిషన్ డోరు లోపల పెట్టించాలి. చెడ్డ రోజున పోల్చుకోవడానికి మంచి రోజు లెక్క కావాలి.

ఆ కుర్రాళ్లకు నేను నేర్పే పరీక్ష ఇది. వంద మంచి గింజలు లెక్కపెట్టి స్కెచ్ పెన్నుతో నల్లగా చెయ్యాలి. ఐదు కిలోల మంచి బియ్యంలో కలిపి మిషన్‌లో వెయ్యాలి. రిజెక్షన్‌లో ఎన్ని నల్లగింజలు వచ్చాయో నీలం గుడ్డ మీద పరిచి లెక్కపెట్టాలి. ఆ బియ్యం మళ్లీ అమ్మకానికి వెళ్లకుండా పక్కన పడెయ్యాలి. తొంభై ఏడు వచ్చాయనుకోండి, మిగిలిన మూడూ ఏ చ్యూట్ కింద, ఏ పక్కన దిగాయో చూడమంటాను. మూడూ మూడు చోట్ల దిగితే పర్వాలేదు. మూడూ ఒక్కచోటే దిగితే టార్చి తీసుకుని అద్దం పక్కన కూర్చోమంటాను.