డిడి ఫ్రీ డిష్

డిడి ఫ్రీ డిష్ ప్రసార భారతి నిర్వహిస్తున్న ఉచిత ఉపగ్రహ టెలివిజన్ సేవ. 2004 డిసెంబరు 16న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ దీనిని డిడి డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో ప్రారంభించారు. డిష్, సెట్ టాప్ బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలవారీ చందా ఉండదు.

నేపథ్యం

చందా సేవలలో గడువు తీరగానే ప్రసారం ఆగిపోతుంది. 2019 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చిన ట్రాయ్ విధానం ప్రకారం 100 ఛానళ్ళకు నెలకు గరిష్ఠంగా 130 రూపాయల రుసుము, పన్ను, ఆపైన పే ఛానళ్ళ ధరలు చెల్లించవలసి వచ్చింది. ఫ్రీ డిష్‌లో వీక్షకునికి బదులు ప్రైవేటు ఛానళ్ళే వేలంలో స్థానం కొనుక్కుని, ప్రకటనల ద్వారా ఆదాయం పొందుతాయి.

మారే విధానం

పాత డిష్, కేబులు సాధారణంగా పనికివస్తాయి. చందా సంస్థ బాక్సు మాత్రం పనికిరాదు. ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్దనున్న జీశాట్-15 నుండి వస్తాయి. ఖమ్మం జిల్లా వేంసూరు నుండి చూస్తే ఈ ఉపగ్రహం ఆగ్నేయ దిశలో, క్షితిజానికి సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఇతర ఉపగ్రహాల వైపున్న డిష్‌ను ఇటు తిప్పి బిగించాలి. సన్ డైరెక్ట్ కూడా ఈ స్థానం నుండే ప్రసారమవుతుంది కనుక ఆ డిష్‌ను తిప్పవలసిన పని ఉండదు. కొన్ని ఛానళ్ళకు ఎంపెగ్-4 బాక్సు అవసరం.

పరిమితులు

ఇందులో హిందీ ఛానళ్ళదే పైచేయి. తెలుగులో దూరదర్శన్ వారి యాదగిరి, సప్తగిరి లభిస్తాయి, కానీ ప్రజాదరణ గల ప్రైవేటు తెలుగు ధారావాహికల ఛానళ్ళు చాలావరకు చందా సేవలలోనే ఉన్నాయి. అందువలన తెలుగు కుటుంబం మారేముందు ధరతో పాటు ఛానళ్ళ జాబితాను కూడా చూసుకోవాలి.