పంటకాపు తుపాకి గురి తప్పుటకు కారణములు

నల్లమల యంచున నున్న కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతముల రైతులకు అడవిపందుల బాధ క్రొత్తది కాదు. పంటకాపునకై మూతినుండి మందు దట్టించు తుపాకికి 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము లైసెన్సు నొసగుచున్నది. అట్టి తుపాకి గల సభ్యులు గురి కుదురుట లేదనినచో, ముందుగా గొట్టమును గాక గుడ్డపీలికను పరీక్షింపుడని మేము చెప్పుచున్నాము.

గుండు గొట్టముకంటె కొంచెము చిన్నది. ఆ సందును నూనె రాచిన గుడ్డపీలిక పూడ్చి, మందు వాయువును వెనుక నిలుపును. లోపల మెలిగాళ్లున్న తుపాకిలో గుండునకు తిరుగుడు నిచ్చునదియు నదియే. 1800 ప్రాంతమున ఇంగ్లీషు సైన్యము చేపట్టిన బేకర్ చెకుముకి తుపాకి యీ పద్ధతిదే. మన పంటకాపు తుపాకులు సాధారణముగా నునుపు గొట్టములవి గనుక దూరపు గురి వానినుండి యాశింపరాదు.

కాల్చిన పిదప మూతికి కొన్ని గజముల ముందు పడిన పీలికను వెదకి చూడవలెను. చుట్టును నల్లబడి, నడుమ చెక్కుచెదరక యున్నచో అంతయు సరిగా నున్నది. నడుమ కాలి రంధ్రము పడినచో గుడ్డ పలుచన, లేదా నూనె చాలలేదు, లేదా మందు హెచ్చు. కత్తితో కోసినట్లు చీలినచో మూతి యంచు గాని మెలిగాళ్ల యంచులు గాని పదునుగా నున్నవి; అది పనివానికి చూపవలసిన దోషము. దట్టమైన నేత నూలుగుడ్డను గంజి పోవునట్లు ఉతికి వాడవలెను. కృత్రిమ నూలు గుడ్డ కరగి గొట్టమునకు అంటుకొనును. రాజుకొనుచున్న పీలిక గడ్డివామిని కాల్చగలదు గనుక దానిని వెంటనే ఆర్పవలెను.

రెండవది మసి. ప్రతి కాల్పు పిదప తడిగుడ్డతోను, తరువాత పొడిగుడ్డతోను గొట్టమును తుడువనిచో తరువాతి గుండు బిగిసి నడుమనే నిలుచును. మందునకును గుండునకును నడుమ ఖాళీ యున్నచో గొట్టము పగులవచ్చును. కావున గుండు మందుపై ఆనినప్పుడు గజముపై గీత పెట్టుకొని, ప్రతిసారియు దానిని సరిచూడవలెను. మందును ఒకే కొలతతో కొలువవలెను.

మూడవది రంజకము. గిన్నెలో నెక్కువ పోసి చెవిని కప్పివేసినచో అది వత్తివలె మెల్లగా కాలును. ఆ యాలస్యములో చేయి కదలి గురి తప్పును. మొద్దుబారిన చెకుముకి రాయియు నిప్పు రాల్చదు. తుపాకి ప్రేలనిచో కనీస మొక నిమిషము మూతిని జనులు లేని దిక్కునకే పట్టి యుంచవలెను. మూతిలోనికి తొంగి చూడరాదు.

ఒక్కమారు ఒక్క మార్పే చేసి, అయిదు గుండ్లు కాల్చి చూచినగాని దోషమేదియో తేలదు. దినాంతమున గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయవలెను.

ఇంకొక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక అడవిపందిని చంపుట నేరము. అభయారణ్యమునకు 10 కిలోమీటర్లలోపల నుండు లైసెన్సుదారులు అటవీశాఖయొద్ద తమ పేరు నమోదు చేయించుకొనవలెను. పంటను కాపాడబోయి చేతినో, లైసెన్సునో పోగొట్టుకొనుట రైతునకు రెట్టింపు నష్టము గదా.