వేలి ఎముకపై గడ్డ: ప్రతిదీ కాన్సర్ కాదు

చేతి వేలి మీద గట్టిగా ఒక గడ్డ లేస్తుంది. నొక్కితే కదలదు. నెలలు గడిచే కొద్దీ పెరుగుతుంది. చూసిన వారిలో కొందరు బెణుకు అంటారు, కట్టు కట్టిస్తే పోతుందంటారు. మరికొందరు కాన్సరేమో, వేలు తీసేయాలేమో అని భయపెడతారు. పరీక్ష చేయించకుండా ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మినా నష్టమే.

చేతి ఎముకల్లో పుట్టే కణితులు చాలావరకు ప్రాణాపాయం లేనివే. వాటిలో ఎక్కువగా కనిపించేది ఎన్‌కాండ్రోమా. ఇది ఎముక లోపల పెరిగే మృదులాస్థి ముద్ద. ఎముకను లోలోపలే పలచబరుస్తుంది. పైకి ఏమీ తెలియదు. తలుపు తగిలో, బరువు ఎత్తినప్పుడో వేలు పుటుక్కున విరిగితే గాని చాలామందిలో సంగతి బయటపడదు. అలా చిన్న దెబ్బకే విరిగిన వేలికి ఎక్స్‌రే తీయించకుండా కట్టు కడితే ఎముక అతుక్కోవచ్చు గాని కణితి లోపలే ఉండిపోతుంది. అవసరమైన వారికి వైద్యులు ఎముకకు చిన్న రంధ్రం చేసి, కణితిని గోకి తీసి, ఆ ఖాళీని తుంటి ఎముక నుంచి తీసిన ముక్కలతో నింపుతారు.

నోరా గడ్డ

ఎముక పైభాగాన పెరిగే మరో అరుదైన గడ్డ ఉంది. 1983లో అమెరికాలో నోరా, మరి ఇద్దరు వైద్యులు చేతులు, పాదాల ఎముకలపై వచ్చిన ఇటువంటి 35 కేసులను వివరించారు. అప్పటి నుంచి దానికి నోరా గడ్డ అనే పేరు వచ్చింది. ఇది త్వరగా పెరుగుతుంది. సూక్ష్మదర్శినిలో కణాలు వింతగా కనిపిస్తాయి. తీసేసిన తరువాత కూడా సుమారు సగం మందిలో మళ్ళీ వస్తుంది. అందుకే దీన్ని కాన్సర్‌గా పొరబడే ప్రమాదం ఉంది. కాని ఇది ఇతర అవయవాలకు పాకే జబ్బు కాదు. మళ్ళీ వస్తే మళ్ళీ తీయవచ్చు. సాధారణంగా వేలు పోగొట్టుకోనక్కర లేదు.

అశ్రద్ధ తగదు

చిన్నతనం నుంచి అనేక వేళ్ళకు గడ్డలుంటే అది ఆలియర్ వ్యాధి కావచ్చు. వీరిలో కొందరికి తరువాత కాన్సర్ వచ్చే అవకాశం ఉన్నందున జీవితాంతం వైద్యుల పరిశీలనలో ఉండాలి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న గడ్డ హఠాత్తుగా పెరిగినా, నొప్పి మొదలైనా ఆలస్యం చేయరాదు.

గడ్డపై తైలంతో మర్దన చేయించడం కంటే ముందుగా ఎక్స్‌రే తీయించడం మేలు. అనుమానం తీరకపోతే ముక్క పరీక్ష చేస్తారు. ఎక్స్‌రేనూ ఆ రిపోర్టునూ కలిపి చూసిన తరువాతే వైద్యులు వేలి సంగతి తేల్చాలి.